పేరు తర్వాత చెబుదురుగాని

టెక్సస్‌లో, డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఒక ప్రభుత్వ హైస్కూల్లో పదకొండో తరగతి పిల్లలకి ఇంగ్లీషు చెబుతాను. కోర్సు పూర్తి పేరు అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ ఇంగ్లీష్ లాంగ్వేజ్ అండ్ కంపోజిషన్. పిల్లల నోట్లో అది ఏపీ లాంగ్. ఏటా మే నెలలో కాలేజ్ బోర్డు పెట్టే ఈ పరీక్షని ఐదు లక్షల మందికి పైగా రాస్తారు. ఒకటి నుంచి అయిదు దాకా స్కోరు ఇస్తారు. మంచి స్కోరు వస్తే చాలా యూనివర్సిటీల్లో మొదటేడు ఇంగ్లీషు కోర్సు తప్పుతుంది, దాని ఫీజూ తప్పుతుంది. పరీక్ష మూడుంపావు గంటలు. మొదటి గంటలో 45 ఆబ్జెక్టివ్ ప్రశ్నలు, తర్వాత రెండుంపావు గంటల్లో మూడు వ్యాసాలు.

ఆ మూడు వ్యాసాల్లో రెండోదంటే నాకు ప్రాణం. ఒక ప్రసంగమో, ఉత్తరమో ఇస్తారు. అది ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఏ సందర్భంలో చెప్పారో రెండు మూడు వాక్యాల్లో ముందే తెలియజేస్తారు. ఆ మనిషి తన మాట ఎదుటివాడి మనసుకి ఎక్కించడానికి ఏమేం చేశాడో, అలాగే ఎందుకు చేశాడో పిల్లలు రాయాలి. నలభై నిమిషాల్లో అయిపోవాల్సిన వ్యాసం అది. దానికి వాళ్లని సిద్ధం చేయడానికి నాకు ఏడాదంతా పడుతుంది.

పిల్లల్ని భయపెట్టేది మాత్రం వ్యాసం కాదు, పారిభాషిక పదాల పట్టిక. ఆగస్టులో బడులు తెరవగానే అది ఫోన్లలో తిరగడం మొదలుపెడుతుంది. ఎలిటరేషన్‌తో మొదలై జూగ్మాతో ముగుస్తుంది. మధ్యలో అనాఫొరా, ఎపిస్ట్రఫీ, అసిండెటన్, పాలీసిండెటన్, కయాస్మస్, లైటటీస్, సినెక్డకీ, మెటానమీ. చాలావరకు గ్రీకు పేర్లు. పై క్లాసువాళ్లు కింది క్లాసువాళ్లకి అప్పగించి వెళ్తారు. ఫ్లాష్ కార్డులు తయారవుతాయి. మన తెలుగు ఇళ్లలో అయితే వేసవి సెలవుల్లోనే అమ్మానాన్నలు కూర్చోబెట్టి అప్పజెప్పించుకుంటారు. కంఠతా పట్టడంలో మన పిల్లలకి మంచి తర్ఫీదు ఉంటుంది, ఆ శక్తిని నేను తక్కువ చేయను. పద్యాలు, ఎక్కాలు నోటికి వచ్చిన బుర్ర ఇంకొక వంద పేర్లకి బెదరదు.

ఒక ఏడాది పేరెంట్స్ మీటింగ్‌కి గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక తండ్రి వచ్చారు. నేను తెలుగుదాన్నని తెలిసి ఆయన ముఖం విప్పారింది.

“మేడమ్ గారూ, మావాడు టర్మ్స్ అన్నీ నోటికి పట్టేశాడండీ. ఎటునుంచి అడిగినా చెబుతాడు. అయినా ఆ రెండో వ్యాసంలో ఆరుకి రెండే వస్తున్నాయి. ఎక్కడ తేడా కొడుతోందంటారు?”

“బాగా కష్టపడతాడండీ మీ అబ్బాయి. ఒకసారి ఇది మీరే చదివి చూడండి” అని వాడి వ్యాసం ఆయన ముందు పెట్టాను.

మొదటి పేరాలో రచయిత అనాఫొరా (వరస వాక్యాలని ఒకే మాటతో మొదలుపెట్టడం) వాడాడని ఉంది. రెండో పేరాలో రచయిత జక్స్టపొజిషన్ వాడాడని, దానివల్ల పాఠకుడి దృష్టి ఆకట్టుకున్నాడని ఉంది. మూడో పేరాలో పేథోస్ వాడి పాఠకుడిలో భావోద్వేగాలు రేపాడని ఉంది. ఆయన రెండుసార్లు చదివారు. వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే మనిషి, దేన్నయినా పట్టి చూసే అలవాటు ఉన్నట్టుంది.

“ఉన్నాయని రాశాడు గానీ, ఉండి ఏం చేశాయో రాయలేదండీ” అన్నారు.

“పదో తరగతిలో మీరు అలంకారం ప్రశ్నకి సమన్వయం రాసేవారు కదండీ? వీడు లక్షణం దగ్గరే ఆగిపోయాడు.”

ఆయనకి వెంటనే అందింది. మాతృభాషలో చదువుకున్నవాళ్లతో మాట్లాడటంలో ఉన్న సుఖమే అది. జిల్లా పరిషత్ స్కూల్లో మా తెలుగు మాస్టారు మూడూ రాయించేవారు: లక్షణం, ఉదాహరణ, సమన్వయం. ఉపమానమేది, ఉపమేయమేది, సమాన ధర్మమేది, ఈ పద్యంలో అవి ఎలా కుదిరాయి అని విడమరిచి చెబితేనే పూర్తి మార్కులు. ఇక్కడి పరీక్ష ఇంకొక మెట్టు పైకి ఎక్కమంటుంది. కుదిరింది సరే, విన్నవాడి మీద అది ఏం పని చేసింది అని అడుగుతుంది.

మార్కుల పద్ధతి చూసినా ఇదే తెలుస్తుంది. ఒకప్పుడు ఈ వ్యాసాలకి తొమ్మిది మార్కుల కొలబద్ద ఉండేది, మొత్తం చదివి ఒక అంకె వేసేవారు. 2019-20 విద్యాసంవత్సరం నుంచి ఆరు మార్కులు, విడివిడిగా. వాదన ఏమిటో తేల్చి చెప్పినందుకు ఒకటి. ఆధారాలు చూపి వాటిని వివరించినందుకు నాలుగు దాకా. ఆలోచనలోనో రాతలోనో లోతు ఉంటే మరొకటి. అలంకారం పేరు చెప్పినందుకంటూ ఒక్క మార్కు కూడా విడిగా లేదు. ప్రశ్నలో కూడా ఏయే అలంకారాలు ఉన్నాయని అడగరు, రచయిత ఏమేం ఎంచుకున్నాడని అడుగుతారు. ఎంచుకోవడమంటే, చేతికందిన మరో దారిని వదులుకోవడం. ఆ వదిలేసిన దారి కూడా కనబడితేనే విశ్లేషణ మొదలవుతుంది.

అందుకే మొదటి వారాల్లో నేను ఒక్క పేరూ చెప్పను. ఎవరైనా అత్యుత్సాహంతో “మిస్, అది అనాఫొరా” అంటే, “పేరు తర్వాత చెబుదువుగాని, అక్కడ ఏం జరిగిందో చెప్పు” అంటాను. మొదట ఇచ్చేది గాంధీ ఉత్తరం.

2019 మే పరీక్షలో రెండో వ్యాసానికి వచ్చింది అదే. ఉప్పు సత్యాగ్రహానికి ముందు, 1930 మార్చి 2న, సబర్మతి ఆశ్రమం నుంచి వైస్రాయ్ లార్డ్ ఇర్విన్‌కి గాంధీ రాసిన ఉత్తరం. పరీక్షలో దాని చివరి భాగమే ఇచ్చారు. నేను మొత్తం ఉత్తరం చేతికిస్తాను. మన దేశం వస్తువని కాదు, పని నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి ముక్క నా ఎరుకలో తక్కువ. నా క్లాసులో మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు, వియత్నాం మూలాలున్నవాళ్లు, తరతరాలుగా టెక్సస్‌లోనే ఉన్నవాళ్లు, హైదరాబాదు, విజయవాడల నుంచి వచ్చినవాళ్ల పిల్లలు కలిసి కూర్చుంటారు. ఆ ఉత్తరం అందరినీ ఒకేలా కుదుపుతుంది.

నేను అడిగే మొదటి ప్రశ్న: చదువుతున్నది ఎవరు, ఆయన చేతిలో ఏముంది? చదువుతున్నది సామ్రాజ్య ప్రతినిధి. ఆయన చేతిలో పోలీసు ఉంది, జైలు ఉంది. రాస్తున్నవాడి చేతిలో కాగితం ఉంది. అలాంటివాడు వైస్రాయ్‌ని మిత్రమా అని సంబోధించాడు. ప్రభువుల వారికి అనో, మహాశయా అనో అనలేదు. ముగింపులో కూడా మిత్రుడిగానే సంతకం పెట్టాడు. ఇక్కడే సగం పీరియడ్ గడిచిపోతుంది. సంబోధన ఒక్కటి మారిస్తే మిగతా ఉత్తరం ఎలా మారిపోతుందో పిల్లల చేత మార్చి చదివిస్తాను. ప్రభువుల వారికి అని మొదలుపెట్టి చదివితే అది అర్జీ అవుతుంది. ఏ సంబోధనా లేకుండా చదివితే నోటీసు అవుతుంది. తీసేసి చూడటం, మార్చి చూడటం – నా దగ్గరున్న పనిముట్లలో ఇంత నికార్సైనది మరొకటి లేదు.

తర్వాత జీతం లెక్క. ఉత్తరం నడుమ గాంధీ వైస్రాయ్ జీతాన్నే బల్ల మీద పెట్టాడు. నెలకి 21,000 రూపాయలు, అంటే రోజుకి 700కి పైన. భారతీయుడి సగటు ఆదాయం రోజుకి రెండణాల లోపు. అంటే ఐదు వేల రెట్లకి మించి. అదే బ్రిటిష్ ప్రధానికి వచ్చేది ఆ దేశపు సగటు ఆదాయానికి తొంభై రెట్లే. ఈ లెక్క చెప్పి, వెంటనే మోకాళ్ల మీద వంగి వేడుకుంటున్నాను, దీన్ని ఆలోచించండి అన్నాడు. మీ మీద ఉన్న గౌరవం కొద్దీ మిమ్మల్ని నొప్పించాలని లేదనీ అన్నాడు. లెక్క చురకత్తిలా ఉంది, గొంతు వినయంగా ఉంది. రెండూ ఒకే పేరాలో పక్కపక్కనే ఉన్నాయి. చదివేవాడు కోపం తెచ్చుకుందామంటే గొంతు అడ్డొస్తుంది, వినయానికి మెత్తబడదామంటే లెక్క అడ్డొస్తుంది.

చివరి భాగానికి వచ్చేసరికి క్లాసు రెండుగా చీలుతుంది. ఈ ఉత్తరం మీ మనసుని కదిలించకపోతే ఈ నెల పదకొండో తేదీన ఉప్పు చట్టాలని ధిక్కరించడానికి బయల్దేరతాను అని గాంధీ తారీకుతో సహా చెప్పాడు. నన్ను అరెస్టు చేసి ఆపే వీలు మీకుంది, కానీ నా వెనక ఈ పని అందుకోవడానికి పదుల వేల మంది సిద్ధంగా ఉంటారని నా ఆశ అన్నాడు. ఇది బెదిరింపు కాదు అని కూడా రాశాడు.

“బెదిరింపే కదా మిస్, తారీకు కూడా ఇచ్చాడు” అన్నాడు ఒక అబ్బాయి.

“బెదిరించేవాడు తనని ఎలా ఆపాలో తనే చెబుతాడా?” అంది వెనక బెంచీ అమ్మాయి.

ఈ వాదన వారం పాటు నడిచినా నాకు అభ్యంతరం లేదు. ఆ అమ్మాయి అక్కడితో ఆగలేదు. ఉత్తరంలో మరోచోట, ఈ ఆయుధాన్ని నా ఇంట్లో నాకు అతి దగ్గరివాళ్ల మీద కూడా వాడాను అని గాంధీ చెప్పుకున్న మాటని పట్టుకొచ్చింది. అంటే వైస్రాయ్‌ని శత్రువుల జాబితాలోంచి తీసి ఇంటివాళ్ల పక్కన కూర్చోబెట్టాడు, మొదట మిత్రమా అన్న మాటకి ఇక్కడ సాక్ష్యం దొరికింది అంది. అప్పుడు మరొకరు అడిగారు: “మిస్, ఇలా మాట్లాడేవాడి నడత మీద నమ్మకం కలిగించడానికి ఏదైనా పేరుందా?”

ఉంది. ఎథోస్. అరిస్టాటిల్ క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో పెట్టిన మూడు సాధనాల్లో ఒకటి. మిగతావి పేథోస్, లోగోస్. అవసరం పుట్టాక చెప్పిన పేరు మళ్లీ అప్పజెప్పించుకోవాల్సిన పని పడదు.

ఆ ఉత్తరం కథలో ఇంకొక చిన్న ముక్క ఉంది, అదీ చెబుతాను. దాన్ని రెజినాల్డ్ రేనాల్డ్స్ అనే యువకుడు, ఒక ఆంగ్లేయుడు, స్వయంగా తీసుకెళ్లి అందించాడు. బ్రిటిష్ ప్రతినిధికి బ్రిటిష్ చేతుల మీదుగానే ఉత్తరం వెళ్లింది. అది కూడా ఒక ఎంపికే, కాగితం మీద లేని ఎంపిక. ఇర్విన్ తరఫున ఆయన కార్యదర్శి ముక్తసరిగా విచారం తెలియజేశాడు. దానికి గాంధీ, మోకాళ్ల మీద రొట్టె అడిగాను, రాయి దొరికింది అన్నాడు. రొట్టె అడిగిన కొడుక్కి రాయి ఇచ్చే తండ్రి ఉంటాడా అన్న ప్రశ్న మత్తయి సువార్తలోది. ఇర్విన్ నిష్ఠ గల క్రైస్తవుడు. ఎవరి గ్రంథంలోని మాట ఎవరికి చెబుతున్నాడో చూశాక ఎల్యూజన్ అన్న టర్మ్‌కి నిర్వచనం రాయించాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు.

ఇంతవరకు చదివి, ఈవిడ పేర్లు అక్కర్లేదంటోంది అనుకోవద్దు. అలా అనే ఉపాధ్యాయులు ఇక్కడ ఉన్నారు. వాళ్లతో నాకు గట్టి పేచీ ఉంది. పేరు లేనిది చూసిన చోటే ఉండిపోతుంది. పేరున్నది వెంట వస్తుంది, మరో చోట ఎదురుపడితే గుర్తుపడతాం. పక్కపక్కన ఉండే రెండింటిని విడదీయడానికి కూడా పేర్లే కావాలి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకి నేను ఇచ్చే ఉదాహరణ ఇది. కలిసిరాక ఆస్తి పోగొట్టుకున్న పెద్దావిడ, “ఇల్లు, పొలం, గొడ్లు, బంగారం, అన్నీ పోయాయి” అనొచ్చు. “ఇల్లూ పోయింది, పొలమూ పోయింది, గొడ్లూ పోయాయి, బంగారమూ పోయింది” అని కూడా అనొచ్చు. పోయినవి అవే. మొదటిదాంట్లో అన్నీ ఒక్క ఊపులో కొట్టుకుపోయాయి. రెండోదాంట్లో ఒక్కొక్కటీ విడిగా పోయింది, విన్నవాళ్లు ఒక్కోదాని దగ్గరా ఆగి బాధపడాల్సిందే. మొదటిది అసిండెటన్ పని, రెండోదాంట్లో పాలీసిండెటన్, ఎపిస్ట్రఫీ కలిసి పనిచేస్తున్నాయి. ఆ ‘ఊ’ కారాల బరువు చెవికి తెలిసిన పిల్లకి, ఇంగ్లీషులో అండ్ పదే పదే వస్తే ఎందుకు వచ్చిందో వెంటనే తడుతుంది.

మార్టిన్ లూథర్ కింగ్ బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన ఉత్తరంలో ఒక వాక్యం ఉంది. 1963 ఏప్రిల్‌లో ఎనిమిది మంది తెల్లజాతి మతగురువులు, ఉద్యమానికి ఇది సమయం కాదు, ఆగండి అని పత్రికలో ప్రకటన ఇస్తే, దానికి జవాబు ఆ ఉత్తరం. పత్రిక అంచుల మీద మొదలుపెట్టి, దొరికిన కాగితం ముక్కల మీద రాశాడు. నేను చెప్పే వాక్యం మూడు వందల మాటలకి పైనే ఉంటుంది. మీరు ఫలానాది చూసినప్పుడు, ఫలానాది భరించినప్పుడు అంటూ సెమికోలన్ల మీద నడుస్తూనే ఉంటుంది. మూకలు మనుషుల్ని చంపడం ఉంది. ఆరేళ్ల కూతురికి వినోదాల పార్కులోకి నీకు ప్రవేశం లేదని చెప్పలేక నాలుక తడబడటం ఉంది. దూర ప్రయాణంలో ఏ హోటలూ గది ఇవ్వక రాత్రిళ్లు కారులో ముడుచుకు పడుకోవడం ఉంది. భార్యని, తల్లిని గౌరవంగా శ్రీమతి అని ఎవరూ పిలవకపోవడం ఉంది. అసలు క్రియ ఇంకా రాదు. అన్నీ అయ్యాక, చిట్టచివర, అప్పుడు మీకు అర్థమవుతుంది మేమెందుకు ఆగలేకపోతున్నామో అని వాక్యం తేలుతుంది.

దీన్ని నేను క్లాసులో ఒక్కరి చేతే, ఆపకుండా, పైకి చదివిస్తాను. ఊపిరి అందక తంటాలు పడతారు. వినేవాళ్లు వాక్యం ఎప్పుడు ముగుస్తుందా అని కదులుతుంటారు. చదవడం పూర్తయ్యాక ఎలా అనిపించిందని అడిగితే, ఒక్కటే జవాబు: ఎంతసేపు ఆగాలో తెలియలేదు. ఆగండి అని సలహా ఇచ్చిన ఎనిమిది మందిని ఆ వాక్యం ఆపి కూర్చోబెట్టింది. ఇలా ముఖ్య వాక్యాన్ని చివరిదాకా దాచిపెట్టే నిర్మాణాన్ని పీరియాడిక్ సెంటెన్స్ అంటారని అప్పుడు చెబుతాను. సిసిరో కాలం నుంచీ లాటిన్ వక్తలకి ఇష్టమైన నడక అది.

మన అలంకారశాస్త్రం చదివినది నాకు ఇక్కడ రోజూ పనికొస్తుంది. శబ్దాలంకారాలు, అర్థాలంకారాలు అన్న మన విభజన లాంటిదే పడమటివాళ్లకీ ఉంది: మాటల కూర్పుకి చెందినవి స్కీమ్స్, అర్థాన్ని మళ్లించేవి ట్రోప్స్. మన ముక్తపదగ్రస్తంలో ఒక పాదం ముగిసిన మాటతోనే తర్వాతి పాదం మొదలవుతుంది, వాళ్ల అనాడిప్లోసిస్ అదే. అలంకారం ఎక్కడ పడితే అక్కడ అతికించేది కాదని చెప్పడంలో మనవాళ్లది ఇంకా గట్టి గొంతు. తొమ్మిదో శతాబ్దపు కాశ్మీరంలో ఆనందవర్ధనుడు, కవి వేరే ప్రయత్నం చేయకుండా రసంతో పాటే పుట్టేదే సరైన అలంకారం అన్నాడు. పదకొండో శతాబ్దంలో క్షేమేంద్రుడు ఔచిత్యం గురించి చెబుతూ, మెడలో వడ్డాణం, నడుముకి హారం పెట్టుకుంటే నవ్విపోరా అన్నాడు. ఈ మాట చెబితే అమెరికా పిల్లలు కూడా నవ్వుతారు, వాళ్ల వ్యాసాల్లో ఉత్తుత్తి సిమిలీలు ఆ వారమంతా తగ్గుతాయి.

అయితే ఒక తేడా మన పిల్లలకి గట్టిగా చెప్పాలి. మన ఆలంకారికుల ఎదుట ఉన్నది సహృదయుడు. కవి గుండెతో తన గుండె కలపడానికి వచ్చి కూర్చున్నవాడు. గ్రీకుల రెటరిక్ పెరిగింది కోర్టుల్లో, సభల్లో. అరిస్టాటిల్ చెప్పిన మూడు సందర్భాల్లో ఒకటి న్యాయస్థానం, ఒకటి రాజకీయ సభ, మూడోది ఉత్సవ ప్రసంగం. మొదటి రెండింట్లో వినేవాడు తీర్పరి. ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు, లేచి వెళ్లిపోవచ్చు. ఇర్విన్ సహృదయుడు కాదు. ఆ ఎనిమిది మంది మతగురువులూ కాదు. 1852 జులై 5న న్యూయార్క్ రాష్ట్రం రోచెస్టర్‌లో స్వాతంత్ర్య దినోత్సవం గురించి మాట్లాడమని పిలిచిన సభికులని, ఈ పండగ మీది, నాది కాదు అని బానిసత్వం నుంచి తప్పించుకు వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ మొహం మీదే అన్నప్పుడు, ఆ సర్వనామం పడింది ఆయన్ని పిలిచి గౌరవించిన మనుషుల మీద. తెలుగు పద్యం వింటూ పెరిగిన పిల్లలు ఎంత అందంగా చెప్పాడో అంటూ మొదలుపెడతారు. అందం సరే, ఒప్పుకోనివాడు వింటుంటే అది ఎలా పనిచేసిందో చెప్పమంటాను. వ్యాసం రెండు మార్కుల నుంచి నాలుగుకి ఎక్కేది ఇక్కడే.

ఐరనీ ఒక్కటి మాత్రం ఏ పద్ధతికీ తొందరగా లొంగదు. జొనాథన్ స్విఫ్ట్ 1729లో ఐర్లండ్ దారిద్ర్యానికి మందుగా పేదల పసిపిల్లల్ని తినమని సూచించిన వ్యాసం చదివించినప్పుడు, సెటైర్ అనే పేరు అందరికీ తెలుసు. స్విఫ్ట్ సొంత గొంతు ఎక్కడ బయటపడిందో మాత్రం కొద్దిమందికే దొరుకుతుంది. చివర్లో, ఈ ఉపాయాలు నా దగ్గర ఎత్తకండి అంటూ నిజంగా చేయదగ్గ పనులన్నీ వరసగా చెప్పిన చోట అది ఉంది. తొందరపెట్టను. మళ్లీ చదవమంటాను.

వ్యాసాలు దిద్దేటప్పుడు నా నిబంధన ఒక్కటే: ‘వాడాడు’ అనే క్రియ నిషేధం. రచయిత అనాఫొరా వాడాడు అని రాయకూడదు. హెచ్చరించాడు, ఒప్పుకున్నాడు, సిగ్గుపడేలా చేశాడు, దగ్గరికి తీసుకున్నాడు, దారి మూసేశాడు – మనిషి మనిషితో చేసే పని ఏదో ఒకటి రాయాలి. అలా రాయడం మొదలుపెట్టాక తర్వాతి వాక్యం దానంతటదే వస్తుంది. ఎవర్ని, ఎందుకు అన్న ప్రశ్నలు ఆ క్రియలోనే ఉన్నాయి కదా. ఆ గుంటూరు నాన్నగారి అబ్బాయి ఈ ఒక్క మార్పుతో జనవరి కల్లా దారిలో పడ్డాడు. కంఠతా పట్టిన పేర్లన్నీ అప్పుడు వాడికి పనికొచ్చాయి. వెతుక్కోవాల్సిన పని లేకుండా, తనకి కనిపించినదానికి పేరు సిద్ధంగా ఉండేది.

మేలో పరీక్ష అయిపోయాక బడి మూసే లోపు కొన్ని వారాలు మిగులుతాయి. ఆ రోజుల్లో ప్రతి పిల్లా, పిల్లాడూ నిజమైన మనిషికి నిజమైన ఉత్తరం రాయాలి, పోస్టు చేయాలి. పోయినేడాది ఒక అమ్మాయి, ఊరి లైబ్రరీ ఆదివారాలు మూసి ఉంచడం గురించి సిటీ కౌన్సిల్‌కి రాసింది. రెండు ఉద్యోగాలు చేసే అమ్మకి ఆదివారం ఒక్కటే ఖాళీ. ఖర్చు సంగతి ముందే ఒప్పుకుని మొదలుపెట్టింది, కౌన్సిల్ వాళ్లు చెప్పబోయే మాట అదేనని తెలుసు కాబట్టి. మూసిన తలుపు అన్న మాటతో వరసగా మూడు వాక్యాలు మొదలుపెట్టి, నా దగ్గరికి తెచ్చింది. మూడూ ఉంచాలా, రెండు చాలా అని అడిగింది. పైకి చదవమన్నాను. మూడోసారి కోపం ధ్వనిస్తోంది మిస్, వాళ్లు అక్కడ చదవడం మానేస్తారు అంది. మూడోదాన్ని తనే కొట్టేసి, ఆ చోట శనివారాల్లో లైబ్రరీకి ఎంతమంది వస్తారో కౌంటర్ దగ్గర అడిగి తెలుసుకున్న అంకె రాసింది.